కుదురు

కుదురుగా కూర్చోని పిల్లలకి తెలుగులో చాలా పేర్లున్నాయి. మొండి, పెంకి, తిక్క, గడుగ్గాయి. పెరుగన్నం చేతికి తగలగానే వాంతి చేసుకునే పిల్లాడు వేషాలు వేస్తున్నట్టు లెక్క. చొక్కా వెనక లేబుల్ గుచ్చుకుంటోందని ఏడ్చే పిల్లకి గారాబం ఎక్కువ. పెళ్ళిలో గట్టిమేళం మోగగానే చెవులు మూసుకుని బయటికి పరిగెత్తేవాడు పిరికివాడు. గమనిస్తే ఇవన్నీ తీర్పులే, ఒక్కటీ ప్రశ్న కాదు. ఆ క్షణాన ఆ పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో అడిగే మాట ఈ జాబితాలో లేదు.

అది అడగడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. ఏడాదిగా మా అమ్మాయిని వారానికి రెండుసార్లు అలాంటి ఒక సెంటర్‌కి తీసుకెళ్తున్నాను. అక్కడ చూసినవి, వెయిటింగ్ హాల్లో కూర్చుని చదివినవి, ఇంకా తీరని కొన్ని అనుమానాలు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. కోడ్ రాసి బతుకుతూ, తీరిక దొరికినప్పుడు పుస్తకాల గురించి రాసేవాణ్ణి. అందుకేనేమో, చికిత్స కంటే ముందు ఈ రంగంలో వాడే భాష మీదకి నా దృష్టి పోయింది.

ముందు ఆ పేరే తిరకాసు. "ఆరేళ్ళ పిల్లకి ఆక్యుపేషనేంట్రా?" అంది మా అమ్మ. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదు, మనిషి రోజుని నింపే పని ఏదైనా. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో కొందరు కలిసి ఈ వృత్తికి ఒక సంఘం పెట్టుకున్నారు. చేతికి అర్థవంతమైన పని దొరికితే మనిషి కోలుకుంటాడన్నది వాళ్ళ నమ్మకం. మన దేశంలో దీనికి తొలి బడి 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. పెట్టినావిడ కమలా నింబ్కర్, అమెరికాలో పుట్టి ఇక్కడ స్థిరపడిన మనిషి. పిల్లల విషయానికొస్తే ఆట, తిండి, నిద్ర, బట్టలు తొడుక్కోవడం, పెన్సిల్ పట్టుకోవడం, ఇవే వాళ్ళ ఆక్యుపేషన్లు. ఇదంతా చెప్తే మా అమ్మ, "అయితే డబ్బు కట్టి ఆటలు ఆడిస్తున్నారన్నమాట" అని తేల్చేసింది. పూర్తిగా తప్పని అనలేను.

ఆ ఆటల వెనక ఒక సిద్ధాంతం ఉంది. కాలిఫోర్నియాకి చెందిన జీన్ ఎయిర్స్ (1920-1988) తానూ ఆక్యుపేషనల్ థెరపిస్టే. కంటిచూపు, వినికిడి బాగానే ఉన్నా చదువులో వెనకబడే పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి, ఒంటి నుంచి వచ్చే సంకేతాలన్నిటినీ మెదడు ఎలా కూర్చుకుంటుందన్నదే అసలు సంగతి అని ప్రతిపాదించింది. ఆవిడ ముఖ్యమైన పుస్తకం 1972లో వచ్చింది. తల్లిదండ్రుల కోసం ఇంకొకటి 1979లో రాసింది. మనం బడిలో చదువుకున్న పంచేంద్రియాలు ఈ లెక్కకి చాలవు. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు నాళాలుంటాయి. తల ఎటు తిరిగితే వాటిలోని ద్రవం అటూ ఇటూ కదిలి ఆ కదలికని మెదడుకి చెప్తుంది. కండరాలూ కీళ్ళూ ఇంకో కబురు పంపుతాయి. కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకి తెలిసేది అందువల్లే. ఆకలి, దాహం, ఒంటేలు, గుండె దడ, ఇవి చెప్పే లోపలి ఇంద్రియం మరొకటి.

వీటిలో ఒక్కోటి ఒక్కో మనిషిలో ఒక్కో స్థాయిలో పనిచేస్తుంది. ఒకే సంఘటనకి ఒక సర్వర్ లాగ్‌లో ఒక లైను రాస్తే, ఇంకో సర్వర్ వెయ్యి లైన్లు రాస్తుంది. చాలామంది అనుకున్నట్టు పిల్లలు ఇటో అటో ఒకే పక్క ఉండరు. మా అమ్మాయికి మిక్సీ శబ్దం భరించరానిది. తల దువ్వడం రోజూ ఒక యుద్ధం. అదే పిల్ల సోఫా మీంచి కిందికి నలభైసార్లు దూకుతుంది, మోకాలు దోక్కుపోయినా చూసుకోదు. చెవికి ఎక్కువైపోతోంది, కీళ్ళకి చాలడం లేదు. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం రెండూ అల్లరే.

థెరపిస్ట్ మొదటిరోజు "ఏం చేస్తుంది?" అని పెద్దగా అడగలేదు. "ఎప్పుడు చేస్తుంది సార్? దానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది?" అని అడిగింది. ఒక నోట్‌బుక్ ఇచ్చి రెండు వారాలు రాయమంది. టైము, చోటు, చప్పుడు, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎంత నిద్రపోయింది. రాసి చూస్తే కారణం లేకుండా వస్తాయనుకున్న ఏడుపుల్లో సగానికి పైగా బడి బస్సు దిగిన అరగంటలోపే వస్తున్నాయి. బస్సులో గంట ప్రయాణం, హారన్లు, పక్కవాళ్ళ అరుపులు, అంతకుముందు ఆరుగంటల క్లాసు. ఆఫీసులో సర్వర్ నెమ్మదిస్తే మేం సర్వర్‌ని తిట్టం, లోడ్ ఎంతుందో చూస్తాం.

తరవాత ఆవిడ చెప్పినవి వింటే ఇంతేనా అనిపిస్తుంది. బస్సు దిగగానే హోంవర్క్ మాట ఎత్తకూడదు. ముందు పది నిమిషాలు ఒంటికి బరువు తగిలే పని. ఉతికిన బట్టల బుట్టని గది నుంచి గదికి తోయడం, నీళ్ళ సీసాలు వంటింట్లోంచి తెచ్చి పెట్టడం, చపాతీ పిండి పిసకడం, గోడని రెండు చేతుల్తో 'జరపడం'. ఆ తరవాత జంతికల్లాంటి కరకరలాడేవి ఏవైనా. ఉయ్యాల ఒకే దిశలో నెమ్మదిగా ఊగితే నెమ్మదిస్తుంది, గిరగిరా తిప్పితే ఇంకా రేగుతుంది, కాబట్టి పడుకునే ముందు తిప్పొద్దు. మిక్సీ వేసే ముందు చెప్పాలి, కుదిరితే స్విచ్ ఆ పిల్లతోనే వేయించాలి. ఈ చివరిది మా ఇంట్లో బాగా పనిచేసింది. తన చేత్తో మొదలయ్యే శబ్దం, హఠాత్తుగా మీదపడే శబ్దం ఒకటి కావు. ఇలా రోజు మొత్తానికి కూర్చే ప్రణాళికని 'సెన్సరీ డైట్' అంటారు. పేరు చూసి తిండి అనుకుంటారు గానీ తిండితో పెద్ద సంబంధం లేదు.

ఇదంతా దేనికంటే 'సెల్ఫ్ రెగ్యులేషన్' కోసం అంటారు. మనవాళ్ళు దాన్ని 'స్వీయ నియంత్రణ' అని అనువదిస్తారు. నాకు ఆ మాట నచ్చదు. నియంత్రణలో లాఠీ వినిపిస్తుంది, తనని తాను అణుచుకోవడం వినిపిస్తుంది. మనకి దానికంటే మంచి మాట ఉంది, కుదురు. కుదురు అంటే స్థిమితం అన్న అర్థం అందరికీ తెలుసు. ఇంకో అర్థం నగరాల్లో పెరిగినవాళ్ళు విని ఉండకపోవచ్చు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలమీద నిలవదు, దొర్లుతుంది. అందుకని గడ్డితోనో పాత గుడ్డతోనో చుట్ట చుట్టి దాని కింద పెడతారు. ఆ చుట్టనీ కుదురనే అంటారు. 

కుండని తిట్టి ఎవరూ నిలబెట్టలేదు. అడుగు చదునుగా ఉన్న కుండే మంచిదని చెక్కేయడానికీ ఎవరూ పూనుకోలేదు. ఈ వృత్తిలో నాకు నమ్మకం కుదిరిన భాగం ఇదొక్కటే. పిల్ల కింద ఏం పెడితే నిలుస్తుందో వెతకడం. ఆ పెట్టేది ఒకసారి బట్టల బుట్ట, ఒకసారి చెవులకి హెడ్‌ఫోన్లు, చాలాసార్లు పక్కన తొందర లేకుండా కూర్చున్న ఒక పెద్ద మనిషి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చీర ఉయ్యాల, నూనె రాసి నలుగు పెట్టడం, కొబ్బరి మట్ట మీద కూర్చోబెట్టి లాగడం, బావిలో నీళ్ళు తోడటం, ఇవన్నీ ఇలాంటి పనులే కాబట్టి 'మన పెద్దలకి అన్నీ ముందే తెలుసు' అనే వాట్సాప్ మెసేజ్ ఒకటి దీన్నుంచి ఇట్టే తయారవుతుంది. నేను ఒప్పుకోను. ఆ వాకిళ్ళలోనే చింతబరికె కూడా ఉండేది. మన బళ్ళలో గుంజీళ్ళు తీయించారు, గోడకుర్చీ వేయించారు. చిత్రమేంటంటే, గోడకి వీపు ఆనించి మోకాళ్ళు వంచి నిలబడటం సెంటర్‌లో ఒక ఆట. అవే కండరాలు, అదే బరువు. బడిలో అది అవమానం, ఇక్కడ ఉపశమనం. చేసే పని మారలేదు, ఎవరు ఎందుకు చేయమంటున్నారన్నది మారింది. మీటింగ్‌లో పెన్ను టక్‌టక్‌లాడించే మేనేజర్‌ని ఎవరూ ఏమీ అనరు గానీ, పిల్లలు కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రమంటారు.

టెంపుల్ గ్రాండిన్ కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. ఆటిజం ఉన్న ఆవిడ టీనేజిలో అరిజోనాలోని బంధువుల పశువుల క్షేత్రంలో ఒక యంత్రం చూసింది. టీకాలు వేసేటప్పుడు పశువుని రెండు పక్కల్నుంచీ అదిమి పట్టే చట్రం అది. అందులోకి వెళ్ళిన పశువులు నెమ్మదించడం చూసి, తానూ అందులో నిలబడి చూసింది. తరవాత అలాంటిదే తనకోసం చెక్కతో తయారుచేసుకుంది. బడిలో మనస్తత్వ నిపుణులకి అది వింతగా, ప్రమాదంగా కనిపించి మాన్పించాలని చూశారు. సైన్సు మాస్టారు మాత్రం అది ఎందుకు పనిచేస్తోందో కనుక్కోమని ప్రోత్సహించాడు. ఒకే పిల్ల, ఒకే పెట్టె. కొందరికి అది లక్షణం, ఒకరికి ప్రశ్న.

ఇక అనుమానాలు. పిల్లలకి ఈ అవసరాలు నిజమేనా అంటే నిజమే. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం ఆటిజం లక్షణాల్లో ఇంద్రియ స్పందనల తేడాని చేర్చింది. అయితే 'సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్' అనే విడి జబ్బు పేరుని నిర్ధారణగా వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే చెప్పింది. చికిత్స ప్రయత్నించొచ్చు గానీ ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకి చెప్పమంది. బరువు దుప్పట్ల మీద 2014లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం నాకు భలే నచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలు ఆ దుప్పటి కప్పుకుని ఎక్కువసేపు నిద్రపోలేదు. కానీ మామూలు దుప్పటి కంటే అదే బాగుందన్నారు, తల్లిదండ్రులూ అదే మాట అన్నారు. 2022లో బ్రిటన్‌లోనే 138 మంది పిల్లలతో చేసిన ఇంకో అధ్యయనంలో, ఎయిర్స్ పద్ధతి థెరపీ మామూలుగా అందే సేవల కంటే మెరుగని తేలలేదు.

మన నగరాల్లో సెంటర్లు అమ్మే ప్యాకేజీల బ్రోషర్లలో ఈ సంగతులుండవు. మెదడుని 'రీవైర్' చేస్తామని ఉంటుంది. ఉయ్యాల ఊగితే మెదడు మారుతుందన్నది ఒక వాదం. ఈ పిల్లకి ఈ టైములో ఈ చప్పుడు తగ్గిస్తే తేలికపడుతుందన్నది ఇంకో వాదం. మొదటిదానికి ఆధారం బలహీనం. రెండోది ఇంట్లో రెండు వారాల్లో ఎవరికి వాళ్ళు సరిచూసుకోవచ్చు. అందుకే సెంటర్‌కి వెళ్ళే ప్రతి తల్లీ తండ్రీ అడగాల్సినవి మూడు. ఇంట్లోనో బళ్ళోనో కనబడే ఏ మార్పు కోసం? ఎన్ని వారాలు? రాకపోతే ఆపేస్తారా? ఈ మూడోది అడిగినప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూడండి.

నాకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నెలనెలా ఇచ్చే రిపోర్టులో 'సిట్టింగ్ టాలరెన్స్' అని ఒక గడి ఉంటుంది. కదలకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలదన్న లెక్క. నాలుగు నించి పదకొండుకి వచ్చింది. బడివాళ్ళకి కావలసింది ఆ అంకే. వచ్చే ఏడాదికి ఇరవై దాటకపోతే వేరే స్కూల్ చూసుకుంటే మంచిదని మెత్తగా చెప్పారు. పదకొండు అన్నప్పుడు నాకూ సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. కానీ కదలకుండా కూర్చోవడమూ కుదురుగా ఉండటమూ ఒకటేనా? ఒళ్ళంతా బిగపట్టుకుని పదకొండు నిమిషాలు కూర్చుని, ఆ బిగువంతా బస్సు దిగాక ఇంట్లో వదిలే పిల్ల రిపోర్టులో మెరుగుపడ్డట్టే కనిపిస్తుంది. 

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్ళు విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని అందులో ఉంది. మా అమ్మాయికి ఏ నిర్ధారణా లేదు, సర్టిఫికెట్టూ లేదు. కుర్చీ ముందుకాళ్ళకి అడ్డంగా ఒక సాగే బ్యాండు కట్టి, కాళ్ళతో దాన్ని తన్నుకుంటూ పాఠం వినమనడానికి సర్టిఫికెట్ ఎందుకు కావాలో నాకు తెలియదు.

సెంటర్ గోడ మీద ఒక రంగుల పట్టిక ఉంది. నీలం అంటే నీరసం, ఆకుపచ్చ అంటే నెమ్మది, పసుపు అంటే గాభరా, ఎరుపు అంటే చెయ్యి దాటిపోవడం. 2011లో లియా కైపర్స్ అనే థెరపిస్ట్ ప్రచురించిన పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్నారు. ఏ రంగూ తప్పు కాదని ఆ పద్ధతే చెప్తుంది, బళ్ళు మాత్రం ఆకుపచ్చకే స్టార్ ఇస్తాయి. మా అమ్మాయి ఆ రంగులు నేర్చుకుంది, అడిగితే చెప్తుంది. అడగకుండా మాత్రం ఈమధ్య ఒకరోజు వంటింట్లోకి వచ్చి వేరే మాట చెప్పింది. "నానమ్మా, ఒళ్ళంతా బస్సులా ఉంది." మా అమ్మ "దా తల్లీ" అని పిండి గిన్నె ముందుకు జరిపింది. 

ఏ పట్టికలోనూ లేని మాట అది. ఆ పిల్ల తన ఒంటి గురించి తనే తెచ్చిన కబురు. రిపోర్టులో దీనికి గడి లేదు. జూన్‌లో కొత్త క్లాస్ టీచర్‌కి ఇవ్వడానికి ఒక కాగితం రాస్తున్నాం. కుర్చీకి బ్యాండు, ఫ్యాను కింద కాకుండా చివర సీటు, నోట్‌బుక్కులు పంచే పని. ఈ మూడూ తరవాత వస్తాయి. మొదటి లైనులో, బస్సులా ఉందని తను చెప్తే నమ్మండి అని రాశాం.