ఒకే ఇంటికి మూడు ఖర్చులు

మా వీధిలో ఇల్లు కట్టిన ప్రతివాడికీ ఖర్చు మూడు రకాలుగా ఉంటుంది. బ్యాంకుకి చెప్పేది ఎక్కువ, లేబర్ ఆఫీసుకి చెప్పేది తక్కువ, బంధువులకి చెప్పేది ఎదుటి మనిషిని బట్టి. 2023లో గుంటూరులో మేం పునాది తీసినప్పుడు నాకూ ఆ సలహాయే వచ్చింది. “అన్నయ్యా, బ్యాంకుకి ఎలాగూ 48 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. లేబరోళ్లకి 30 అనండి. వాళ్లకేం తెలుస్తుంది?” అన్నాడు పక్కింటి కాంట్రాక్టరు.

వాళ్లకేం తెలుస్తుందో చూద్దామని చట్టం తీశాను. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు చట్టం అది. స్థలం విలువ వదిలేసి, నిర్మాణానికయ్యే ఖర్చు మీద 1 శాతం కట్టాలి. ఉండటానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల్లోపు అయితే మినహాయింపు. ప్లాన్ ఫీజులతో పాటే విస్తీర్ణాన్ని చదరపు అడుగు రేటుతో గుణించి ముందుగా కట్టించుకుంటారు. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. అది అడ్వాన్సు మాత్రమే. పని మొదలైన 30 రోజుల్లో వివరాలు దాఖలు చేయాలి, ఆ తర్వాత అసలు మదింపు ఉంటుంది.

మదింపు అధికారికి 1998 నాటి రూల్సు ఇచ్చిన అధికారాలు చిన్నవి కావు. పని జరుగుతున్న చోటికి రావచ్చు. అక్కడున్న సామాను జాబితా రాసుకోవచ్చు, కూలీలెంతమందో అడగవచ్చు, కొలతలూ ఫొటోలూ తీసుకోవచ్చు. రిజిస్టర్లే కాక, మదింపుకి పనికొచ్చే ఏ కాగితమైనా చూపించమనవచ్చు, నకళ్లు పట్టుకెళ్లవచ్చు. తనిఖీ అయ్యేదాకా ఏదీ కదిలించొద్దనీ అనవచ్చు. ఏ కాగితమైనా అన్న చోట నాకు గుర్తొచ్చింది బ్యాంకులో ఉన్న ఇంజినీరు ఎస్టిమేటే. దానిమీద నా సంతకం ఉంది.

అప్పుడు వేసిన లెక్క ఇది. 18 లక్షలు దాస్తే మిగిలేది 18 వేలు. దొరికితే కట్టాల్సిన సెస్సుకి సమానంగా జరిమానా వేయవచ్చు, ఆలస్యానికి నెలకి 2 శాతం వడ్డీ. తెలిసి తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. సరే, దొరకలేదే అనుకుందాం. రేపు ఇల్లు అమ్మితే, కట్టడానికి 30 లక్షలే అయిందని నా కాగితమే చెబుతుంది. ఆదాయపు పన్ను వాళ్లు దాన్నే పట్టుకోవాలని లేదు గానీ, నా మాటకి ఎదురుసాక్ష్యం నా ఫైల్లోనే ఉంటుంది. ఆ 18 లక్షలు లాభంలో కలిస్తే ఇప్పటి 12.5 శాతం చొప్పున 2 లక్షల 25 వేలు పన్ను. పద్దెనిమిది వేల కోసం ఇంత పీకులాట నాకు గిట్టుబాటు కాదు. అన్నిచోట్లా 48 అనే రాశాను.

అంకె నిలబడాలంటే బిల్లులుండాలి. సిమెంటు కొట్లో జీరో బిల్లు అయితే బస్తాకి తగ్గిస్తానన్నారు. సిమెంటు మీద అప్పుడు జీఎస్టీ 28 శాతం, కాబట్టి ఆశపెట్టే మాటే. అయినా సిమెంటుకీ స్టీలుకీ పక్కా బిల్లే తీసుకున్నాను. ఇసుకకి లారీ నంబరూ తేదీ రాసిపెట్టాను. కూలి డబ్బులు మేస్త్రి ఫోన్‌కి పంపి, నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకునేవాణ్ని.

రెండో శ్లాబు అయ్యాక ఆఫీసరు వచ్చాడు. టార్పాలిన్ ఎత్తి బస్తాలు లెక్కపెట్టాడు. మనుషులెంతమందని అడిగితే మేస్త్రి నావైపు చూసి, ఆ తర్వాత చెప్పాడు. డాబా మీద పైకి వదిలిన పిల్లర్ ఊచలు చూసి, “ఇంకో ఫ్లోరు వేస్తారా సార్?” అన్నాడు. ఇప్పుడు కాదన్నాను, రాసుకున్నాడు. బిల్లుల ఫైలూ నోటుపుస్తకమూ తిరగేశాడు. బేరాల ఊసే రాలేదు.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. ఈ డబ్బు వెళ్లేది కార్మికుల సంక్షేమ బోర్డుకి. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు పేరు నమోదు చేయించుకుంటేనే ప్రమాద సాయం, ప్రసూతి సాయం లాంటివి వస్తాయి. మా ఇంటి సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన మనిషి, తట్టలు మోసిన వాళ్లకి కార్డులున్నాయా అని అడగలేదు. మేస్త్రికి ఉంది, మిగతావాళ్లలో చాలామందికి లేదు. పోగైన సెస్సు కార్మికులకి చేరడం లేదని 2018లో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. మా దగ్గర 90 రోజులు దాటినవాళ్లకి పనిచేశారని కాగితం రాసి సంతకం చేసిచ్చాను. దానికి నాకైన ఖర్చు లేదు.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. సొంత నివాసానికి మినహాయింపు 50 లక్షలకి పెరిగింది, సెస్సు ఎంతో కట్టేవాడే లెక్కగట్టుకోవాలి. డాబా మీద ఆ ఊచలకి ఇప్పుడు పని పడింది. పై పోర్షన్ అద్దెకివ్వడానికే కనుక దాన్ని సొంత నివాసమని వాదించే ఉద్దేశం నాకు లేదు. ఎస్టిమేట్లో ఒక శాతం కలిపి, బ్యాంకుకి కూడా ఆ అంకెతోనే దరఖాస్తు పెట్టాను.