యజమాని లేని కూలీలు

"యజమానే లేనప్పుడు సంఘమెందుకు? ఎవరితో పోట్లాడతారు?" అహమ్మదాబాదులో తలబరువులు మోసేవాళ్లు, పాతబట్టలమ్మేవాళ్లు, ఇలాంటి ఆడకూలీలంతా కూడి 'సేవా' సంఘం పెట్టబోతే కార్మికశాఖ వేసిన ప్రశ్న యిది. పోట్లాటకే కాదు, కూడి నిలవడానికీ సంఘం కావాలని ఇలాబెన్ భట్ పట్టుబట్టి 1972లో రిజిస్టరు చేయించారు. మామూలు బాంకులు వీళ్లను దగ్గరికి రానియ్యలేదు. 1974లో 4,000 మంది తలా 10 రూపాయలు వేసి సొంత బాంకే తెరిచారు! సంతకం రానివాళ్లకు పాసుపుస్తకంలో ఫొటో అంటించారు. అంత సులువు ఉపాయం పెద్ద బాంకులకు తట్టకపోవడమే విడ్డూరం.

మా అమ్మ 30 ఏళ్లుగా బీడీలు చుడుతోంది. నా దరఖాస్తులో 'తల్లి వృత్తి' దగ్గర ఆఫీసువాళ్లు అడ్డగీత గీశారు. ఈ సేవా సంగతి చదివి వినిపిస్తే, తునికాకు కత్తిరించడం ఆపకుండానే అడిగింది: "ఆ పది రూపాయలు మొగుళ్లకు తెల్వకుండ యాడ దాసిన్రు బిడ్డా?"