పలుకుబడి

తెలుగులో పలుకుబడి అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి మాట్లాడే తీరు, నుడికారం. రెండోది నలుగురిలో మాట చెల్లడం. సాహిత్య రంగంలో మొదటిదాన్ని స్త్రీలకి ధారాళంగానే ఇస్తారు. "రచయిత్రుల భాషలో ఎంత సహజత్వం!" అని సభల్లో మెచ్చుకుంటారు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. మగ రచయితలు టీ కొట్టు దగ్గరో, ప్రెస్సులోనో, సంపాదకుడి గదిలోనో గంటల తరబడి కూర్చుంటే దాన్ని సాహిత్య వాతావరణం అంటాం. ఒక స్త్రీ నలుగురితో ఉత్తరాలు నడిపి, తన రచన గురించి తానే రెండు మాటలు చెప్పుకుంటే మాత్రం అవి 'పరిచయాలు' అయిపోతాయి.

నా పిహెచ్.డి. పూర్తయిన ఏడాది ఒక సదస్సులో పత్రం చదివి వేదిక దిగగానే ఒక పెద్దాయన "మీకు పరిచయాలు బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. పత్రం గురించి ఒక్క ముక్క లేదు. కోపం వచ్చింది. ఆ కోపం చల్లారాక, ఆ మాటని కాదనడం కంటే విప్పి చూడటం మేలనిపించింది. అసలు పరిచయాలు లేకుండా రచయితలైనవాళ్లెవరు? మన ముందు తరాల స్త్రీలు ఎవరితో, ఏ దారిన, ఎలాంటి మాటలతో వాటిని కట్టుకున్నారు?

మాది నూజివీడు దగ్గర పల్లె. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు - ఈ పేర్ల మధ్యే పెరిగాను. నూజివీడులోనే పుట్టిన మాలతీ చందూర్ పేరు ఎం.ఏ. తరగతి గదిలో వినలేదు, ఇంట్లో విన్నాను. అమ్మమ్మ ఆవిడ 'వంటలు-పిండివంటలు' పుస్తకాన్ని అట్ట ఊడిపోయినా దాచుకుంది. ఆమెకి మాలతీ చందూర్ రచయిత్రి కాదు, తనకి జవాబు చెప్పే మనిషి.

పెళ్లయ్యాక మద్రాసు చేరిన మాలతీ చందూర్, ఆంధ్రప్రభ వారపత్రికలో 1950లలో మొదలైన 'ప్రమదావనం' శీర్షికని నాలుగు దశాబ్దాలకి పైగా నడిపారు. పాఠకురాళ్లు ప్రశ్నలు పంపేవారు, ఆవిడ జవాబులిచ్చేవారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2013 ఆగస్టులో చెన్నైలో కన్నుమూశారు. ఈ పనులన్నిటినీ కలిపి ఒక వృత్తి జీవితంగా చదివే అలవాటు మన విమర్శకి తక్కువ. నవలలు ఒక గదిలో, వంటల పుస్తకం ఇంకో గదిలో, ప్రశ్నలు-జవాబులు అసలు సాహిత్యమే కాదంటూ గుమ్మం బయట.

నాకు మాత్రం ఆ గుమ్మం బయటి పనే ఆవిడ పలుకుబడికి పునాది అనిపిస్తుంది. సంపాదకుడి దయ మీద ఆధారపడిన శీర్షిక సంపాదకుడు మారితే ఆగిపోతుంది. ఉత్తరాలు రాసే పాఠకురాళ్లున్న శీర్షికని ఆపడం అంత తేలిక కాదు. ఆ బలం జవాబు చెప్పే తీరులో ఉంది. అడిగినామె చదువు ఎంతో చూడకుండా, ప్రశ్నని చిన్నబుచ్చకుండా, తెలిసింది తెలిసినట్టు చెప్పడమే అక్కడ ఒప్పించే విద్య. వంట గురించి నమ్మిన పాఠకురాలు పరాయి దేశపు నవల గురించి చెప్పినా చెవొగ్గుతుంది. అయితే ఈ రూపానికున్న పరిమితినీ గుర్తుపెట్టుకోవాలి. ఎంత పొడుగు ఉత్తరమైనా అచ్చులోకొచ్చేసరికి రెండు వరుసల ప్రశ్నగా కుదించుకుపోతుంది. సంబంధంలో ఒక వైపు గొంతు నిలిచినంతగా రెండో వైపు గొంతు నిలవదు.

ఇంకా వెనక్కి వెళితే భండారు అచ్చమాంబ. ఏలూరు నుంచి 1902లో మొదలైన 'హిందూసుందరి' పత్రికలో ఆ ఏడాదే ఆమె కథ 'ధనత్రయోదశి' వచ్చింది. దొంగతనానికి మొగ్గిన భర్తని భార్య మాటలతోనే వెనక్కి మళ్లిస్తుంది. ఇంట్లో భర్త మేలు కోసం వాడినంతవరకు స్త్రీ మాటకారితనానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. అచ్చమాంబ ఆ విద్యని గడప దాటించింది. అదే ఏడాది బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. ఊళ్లు తిరిగి స్త్రీలని కూడగట్టింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకింకా ముప్పై ఏళ్లు దాటినంతే. ఆమె రచనా వ్యాసంగాన్నీ ఈ తిరుగుడునీ విడదీసి చూడలేం. రాయడానికి ముందు చదివేవాళ్లు కావాలి. వాళ్లు లేనిచోట వాళ్లని పోగుచేసుకోవడం కూడా రచనలో భాగమే అయింది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మా ప్రాంతంలో తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేసే పద్ధతి ఉంది. రైతుకి ముందే డబ్బు చేతికొస్తుంది, కాపు ఎలా ఉన్నా ఆ నష్టం వ్యాపారిది. కానీ కాయ మీద హక్కు కూడా వ్యాపారిదే. నా సిద్ధాంత వ్యాసాన్ని పుస్తకంగా వేస్తామన్న ఒక ప్రచురణకర్త, ముందుగా ఫలానా ప్రముఖుడి ముందుమాట తెమ్మన్నారు. అది రాయించుకుంటే పుస్తకం అమ్ముడుపోతుంది, నిజమే. ఆ తర్వాత ప్రతి వేదిక మీదా నేను ఆయన 'పరిచయం చేసిన అమ్మాయి'ని. ఇది పూత మీద బేరం. ఆశ్రయానికీ సంబంధానికీ తేడా ఇక్కడే ఉంది. ఆశ్రయంలో కృతజ్ఞత ఒకవైపే పారుతుంది. సంబంధంలో రెండువైపులా బాకీ ఉంటుంది. నేను ఆ ముందుమాట అడగలేదు. పుస్తకం ఇంకా రాలేదు.

రెండువైపులా బాకీ అన్న మాట నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. రెండేళ్ల కిందట మామిడి సీజన్లో కాయలు ఏరి పెట్టెలకెత్తే ఆడవాళ్ల దగ్గరికి వాళ్ల అనుభవాలు రాసుకుందామని వెళ్లాను. సొన కాలి నల్లబడిన వేళ్లతో కాయలు వేరుచేస్తూనే వాళ్లలో ఒకామె అడిగింది: "అన్నీ చెప్పించుకుని రాసుకుపోతావు, అమ్మాయ్. నీకు పేరొస్తది. మాకేం మిగులుద్ది?"

"మీ మాట నలుగురికీ తెలుస్తుంది కదా, పిన్నీ" అన్నాను.

"ఆ నలుగురూ మాకు తెలవద్దూ?" అంది.

ఒప్పించే కళ గురించి ఇంతకంటే పెద్ద ప్రశ్న ఏ సదస్సులోనూ వినలేదు. అప్పటినుంచి వాళ్ల గురించి రాసిన ప్రతి పేజీని పంపేముందు మధ్యాహ్నం అన్నాల వేళ వాళ్లకి చదివి వినిపిస్తున్నాను. కొన్ని వాక్యాలు తీసెయ్యమంటారు, తీసేస్తాను. ఒకసారి కూలి లెక్క తప్పని దిద్దారు. మరోసారి, తన గురించి జాలిగా రాసిన పేరా విని పిన్ని నవ్వి, "అది నేను కాదు, ఇంకెవరో" అంది. ఆ పేరా పోయింది.

దీనివల్ల పని ఆలస్యమవుతోంది. పదోన్నతుల లెక్కల్లో ఇలాంటి ఆలస్యానికి మార్కులుండవు. అయినా మనలాంటి పత్రికల్లో రాసేవాళ్లం, చదివేవాళ్లం ఈ సంగతి బాహాటంగా మాట్లాడుకోవాలి. ఎవరి పేరు ఎవరికి చెప్పాం, ఎవరి రచన చదివి ఉత్తరం రాశాం, ఎవరు మనకోసం నాలుగు మాటలు మాట్లాడారు - వీటిని సిగ్గుపడాల్సిన రహస్యాల్లా దాచుకుంటే 'పరిచయాలు' అన్న ఎత్తిపొడుపుకి మనమే బలమిచ్చినట్టు. నా పుస్తకం వచ్చిననాడు ముందుమాట ఉండాల్సిన చోట, ఆ పేజీలు విని దిద్దినవాళ్లు ఏమేం మార్చమన్నారో ఆ జాబితా వేద్దామనుకుంటున్నాను. పేర్లు వెయ్యాలా వద్దా అన్నది వాళ్లు చెప్పాలి. వచ్చే కోతల్లో అడుగుతాను.