తిరుపతి మెట్లు, వీణ మెట్లు

తెలుగునాట తిరుపతి పేరు వినని యిల్లు లేదు. ఆ కొండ కొక్కమాఱైన పోయి రావలెనని కోరని యిల్లాలును లేదు. అలిపిరి మొదలు తిరుమల వఱకు 3,550 మెట్లు కలవని చెప్పుదురు. శ్రీనివాసమంగాపురము దిక్కునుండి యెక్కు శ్రీవారిమెట్టు దారిలో 2,388 కలవు. మన వీణకో, ఉన్నవి 24 మెట్లే. కొండకును వీణకును మన భాష యీ మెట్టను మాట నొక్కటిగా నిచ్చుట యూరక కాదని యీ వేసవి యాత్రలో మాకు తోచినది. ఆ సంగతినే సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

బడికి సెలవు లిచ్చిన పిమ్మట మేము మా వీథిలోని మఱి నలుగురు స్త్రీలతో గూడి తెల్లవాఱుజామున అలిపిరికడ పసుపు కుంకుమ లుంచి మెట్లెక్క మొదలిడితిమి. గాలిగోపురము వఱకు దారి నిట్టనిలువుగా నుండును. ఆపై చాలదూరము చదునైన నడక. దారిప్రక్క జింకల వనము. చివర మోకాళ్లమెట్టు మరల నిలువుగా లేచి కాళ్లను పరీక్షించును. బాలుడైన అన్నమయ్య యిచ్చటనే యలసి సొమ్మసిల్లగా అలమేలుమంగ యాదరించెనని ఆయన మనుమడు చిన్నన్న తన కావ్యములో వ్రాసెను. మాకు ముందు పరుగున బోయిన పడుచువాండ్రు గాలిగోపురము చేరకుండగనే చతికిలబడిరి. మెట్టు కొక గోవిందనామము చెప్పుచు, ఒకే తీరున నడుగు వేయుచు వచ్చిన వృద్ధురాండ్రు వారిని దాటి పోయిరి.

ఈ క్షేత్రమున సంగీతము గాలిలోనే యున్నది. 1408 మొదలు 1503 వఱకు జీవించిన అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి కొండమీది యాలయములోని సంకీర్తన భాండారమున నెన్నియో తరములు నిదురించినవి. వీణ చేతబట్టిన తుంబురుని పేర నొక తీర్థము కొండలలో గలదు. ఫాల్గుణ పూర్ణిమనాడు దాని ముక్కోటి జరుగును. క్రింద పట్టణములో దేవస్థానమువారి సంగీత నృత్య కళాశాల 1959లో వెలసినది. దానికి చేరువనున్న పెద్ద సభామందిరమునకు మహతి యని నారదుని వీణ పేరే పెట్టిరి.

మా బృందములో నొక సోదరి పెండ్లికి ముందు ఆఱేండ్లు వీణ నేర్చినది. ఆపై పదునెనిమిదేండ్లు ఆ వీణ గవుసెనలోనే యున్నది. పిల్లలు, అత్తమామల సేవ, వచ్చిపోవు చుట్టములు. కారణము లేవియు క్రొత్తవి కావు. ఈ యాత్ర కాగానే వీణను మేనకోడలికి పంపివేయ నామె నిశ్చయించుకొని యుండెను. కొండ దిగిన మఱునాడు, గోవిందరాజస్వామి కోవెల చెంత మాడవీథిలో నివసించు ఒక వైణికురాలిని చూడబోయితిమి. ఆమె మాకు మజ్జిగ యిచ్చి, సంగతి విని, తన వీణ నామె ముందుంచి "ఏదీ, జ్ఞప్తియున్నది వాయింపుమమ్మా" అనెను.

సోదరి యెడమచేయి మెట్లను వెదకికొన్నది. కాని స్వరములు కుంటుచు వచ్చినవి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, నడుమ నొకటి గరగరలాడుచు పలికినవి. ఆమె కన్నులలో నీరు నిలిచెను. వైణికురాలు నవ్వి "నీ యెడమచేయి మఱవలేదు తల్లీ. కుడిచేయి మాత్రమే యలిగినది. దానిని బుజ్జగింపవలెను" అనెను. వీణ వినువా రందఱు గమకములు పలికించు నెడమచేతినే చూతురనియు, నాదము పుట్టుట కుడిచేతి మీటులోననియు ఆమె చెప్పెను. ఆమె చూపిన సాధన క్రమము వీణ యున్న ప్రతి యింటికి నుపయోగించునని యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట నెడమచేతిని మెట్లపై నుంచనే రాదు. కుడి ముంజేతిని కుండ పలక యంచున వదులుగా నానించి, ఏ మెట్టును నొక్కక, సారణి తీగెను చూపుడువ్రేలు ఒకమాఱు, నడిమివ్రేలు ఒకమాఱు, మార్చి మార్చి మీటవలెను. ఆదితాళపు దెబ్బ కొక మీటు చాలును. తీగెను వదలిన వ్రేలు దూరముగా లేవరాదు. ఎంత లేచునో యంతయు తిరిగి రావలెను గదా! కుండమీద తీగె లానియుండు చోటికి మిక్కిలి దగ్గఱగా మీటిన నాదము కఱకుగా నుండును. మెట్లవైపు జరిపినకొలది మెత్తబడును. ఒకే చోట మీటుట యలవడినగాని నాద మొకే తీరున రాదు.

ఇది కుదిరినదో లేదో తెలియుట కొక పరీక్ష కలదు. ఎవరినైన కన్నులు మూసికొని వినుమనవలెను. ఏ మీటు ఏ వ్రేలిదో వారు పోల్చలేని నాడు రెండు వ్రేళ్లును సమమైనట్లు. సాధారణముగా నొక వ్రేలు బలహీనముగా నుండును. అప్పుడు దానితోనే వరుస మొదలిడవలెను.

పిమ్మట సరళి వరుసలు. మాయామాళవగౌళలో నీ తొలిపాఠములను పురందరదాసులు కూర్చిరని సంప్రదాయము. మొదటి వరుసలో ఆరోహణ 8, అవరోహణ 8, మొత్తము 16 స్వరములు. మొదటి కాలమున 16 దెబ్బలకు 16 మీటులు. మూడవ కాలమున అంతే సమయములో 64 మీటులు పట్టును. మొదటి కాలమున మూడుమాఱులు తప్పక వచ్చినగాని రెండవ కాలము మాట తలపరాదు. తరువాత జంట వరుసలు. అందు ఒకే స్వరమును రెండు వ్రేళ్లును మీటును గనుక లోపము వెంటనే బయటపడును. ఆపై దాటు వరుసలు. ఇవన్నియు కుదిరిన పిదప చిటికెనవ్రేలితో ప్రక్కనున్న మూడు తాళపు తీగెలను తాళమునకు సరిగా మీటుట చేర్చవలెను. మణికట్టు నొచ్చినచో వెంటనే యాపవలెను. నొప్పిని సహించుట సాధన కాదు.

స్పెయిను దేశపు గిటారు విద్వాంసులును చూపుడువ్రేలు నడిమివ్రేలు మార్చి మార్చి మీటుటను నిత్యము సాధనచేయుదురు. వాద్యము వేఱైనను వ్రేళ్ల కష్ట మొక్కటే. మన చిట్టిబాబుగారు (1936–1996) వీణపై కోయిల కూతను పలికించి జనులను మురిపించిరి. ఆ కూత తీగెమీద నిలుచుటకు దాని క్రింద తప్పులేని మీటు ఉండవలెను.

"ఇంటిపనిలో తీఱిక యెక్కడమ్మా?" యని సోదరి యడిగెను. "ఆదివారమునాడు రెండుగంటలు వలదు. దినమునకు రెండు పావుగంటలు చాలును" అని వైణికురాలు బదులు చెప్పెను. ఎడము విడిచి చేసిన యభ్యాసమే నిలుచునని, నేర్చినది నిద్రలో స్థిరపడునని యిప్పటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

రెండు నెలలకు సోదరినుండి జాబు వచ్చినది. జంట వరుసలలో నున్నదట. రెండవ కాల మింకను చక్కబడలేదట. వీణ నెవ్వరికి నీయలేదు. ఆమె పెనిమిటి సాయంకాలము పావుగంటసేపు పిల్లలను వీథి యరుగుపై కూర్చుండబెట్టుకొని పాఠములు చెప్పుచున్నాడట. మా కీ వార్త వీణ వార్తకంటె తక్కువ సంతోషము నీయలేదు. కుడిచేతి యలుక తీర్చుట ఆమె పని. ఆ పావుగంటను ఆమెకు విడుచుట ఇంటిల్లిపాది పని. గవుసెనలో వీణ యున్న సోదరీమణు లీ రెండవ మాటను తమ యింట చదివి వినిపింతురు గాక!