వాగు దగ్గర ఆగిపోయినవారి వాటా



మన సంఘంలో ఇద్దరు తమ్ముళ్లు కొన్ని వారాలుగా మాట్లాడుకోవడం లేదు. భూమి తగాదా కాదు, డబ్బు తగాదా కాదు. ఫోనులో ఆడే బీజీఎంఐ ఆటలో ఒకరికి సరిగా చేతకాక జట్టు ఓడిపోయిందట. రెండవవారు మైకులో అందరూ వినేలా "నూబ్" అని తిట్టారట.

పెద్దవారి కోసం ఆట సంగతి రెండు మాటల్లో చెబుతాము. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. విమానం నుండి నూరుమంది వరకు దిగుతారు. స్క్వాడ్ అంటే నలుగురి జట్టు. చివరిదాకా నిలిచిన జట్టుదే గెలుపు. దెబ్బ తగిలి కూలినవాడు వెంటనే చనిపోడు, నేలమీద పాకుతూ ఉంటాడు. తోటివాడు వచ్చి పక్కన కొన్ని సెకన్లు ఆగితే మళ్లీ లేస్తాడు. ఆ కొన్ని సెకన్లు లేపేవాడు తుపాకీ పేల్చలేడు. అతనికీ ప్రమాదమే.

కాబట్టి కోపం ఊరికే రాదు. అరగంట కష్టం, ర్యాంకు పాయింట్లు వేరొకని వల్ల పోతే ఎవరికైనా బాధే. అయితే ఆ బాధలో మన నోటి నుండి ఏమి వస్తుందన్నదే ప్రశ్న. సహోదరుని అవమానపరచే మాటను మన ప్రభువు ఎంత తీవ్రంగా ఎంచాడో మత్తయి 5:22 చదివితే తెలుస్తుంది. మైకులో అన్న మాటకు మినహాయింపు లేదు.

1 సమూయేలు 30వ అధ్యాయం తెరవండి. అమాలేకీయులు సిక్లగును కాల్చి, దావీదు మనుషుల భార్యాపిల్లలను చెరపట్టుకొని పోయారు. ఆరువందల మంది తరుముతూ బయలుదేరారు. బెసోరు వాగు దగ్గరకు వచ్చేసరికి రెండువందల మంది అలసిపోయి దాటలేకపోయారు. వానాకాలంలో మన వేగావతి పొంగితే గట్టున ఆగిపోయేవారిని మనం ఎరుగుదుము గదా! దావీదు వారిని తిట్టలేదు, బలవంతంగా ఈడ్చుకొని పోలేదు. సామాను దగ్గర ఉండనిచ్చి, నాలుగువందల మందితో వెళ్లి గెలిచాడు.

తిరిగి వచ్చాక కొందరు, యుద్ధానికి రానివారికి దోపుడుసొమ్ములో వాటా లేదన్నారు. దావీదు మొదట చేసిన పని, ఆగిపోయినవారి క్షేమం అడగడం. తరువాత, పోరాడినవానికీ సామాను కాచినవానికీ సమానభాగం అని తీర్పు చెప్పాడు. గెలుపు మన నైపుణ్యం కాదు, యెహోవా ఇచ్చినది అన్నదే ఆయన కారణం. ఆ తీర్పు ఇశ్రాయేలీయులలో కట్టడ అయింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ర్యాంకు కోసం ఆడేటప్పుడు మీతో సమానంగా ఆడేవారిని ఎంచుకోవడం పాపం కాదు. కానీ ఒకరిని జట్టులోకి తీసుకున్నాక వారి బలహీనత కూడా మీ భాగమే. కొత్తవారికి చేతనైన పని ఇవ్వండి: వెనుక కాపలా కాయడం, మందులు మోయడం, బండి నడపడం. కోపం మితిమీరితే మైకు ఆపండి. మరునాడు ఏకాంతంగా నేర్పండి.

ఇది ఫోనుకే పరిమితం కాదు. క్వయరులో శ్రుతి తప్పే గొంతు, తడబడుతూ వాక్యం చదివే అక్క, సండేస్కూలులో మొదటిసారి పాఠం చెప్పే అమ్మాయి, వీరందరూ మన జట్టే. పంఫూలియలో విడిచిపోయిన మార్కును బర్నబా మళ్లీ వెంటబెట్టుకున్నాడు. ఒకప్పుడు అతడు వద్దన్న పౌలే, తరువాత అతడు తనకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4:11). బర్నబా పక్కన ఆగకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఈ వారం ఒక్క పని చేయుదము. మనం చేతకానివారని పక్కన పెట్టినవారికి ఫోను చేసి, దావీదువలె ముందు క్షేమం అడుగుదము.

ప్రభువా, పడినవాని పక్కన ఆగే ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.