వంటింట్లో పుట్టిన పియానో: అన్నయ్యకు నాలుగు ఉత్తరాలు

బ్రౌన్‌ష్వైగ్, జర్మనీ
ఆదివారం రాత్రి

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. అమ్మాయి బాగానే ఉంది, వంట తనే చేసుకుంటోంది. వదిన పంపిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి, ముందు వాసన చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సంగతి వదినకు చెప్పు.

నిన్న ఇద్దరం రైలెక్కి జేజెన్ వెళ్ళాం. హార్ట్స్ కొండల అంచున చిన్న ఊరు. మన తెనాలిలో పావు వంతు కూడా ఉండదనిపించింది. యూరప్ వచ్చినవాళ్ళెవరూ అక్కడికి వెళ్ళరు. నేను వెళ్ళింది ఒక వడ్రంగి కోసం. హైన్రిఖ్ స్టైన్‌వెగ్ ఆయన పేరు. దగ్గర్లోనే ఉన్న వోల్ఫ్స్‌హాగెన్ అనే పల్లెలో 1797లో పుట్టాడు. జేజెన్‌లో కాపురం పెట్టి బీరువాలూ బల్లలూ చేసేవాడు. 1836లో సొంత ఇంటి వంటగదిలో ఒక గ్రాండ్ పియానో చేశాడని చెబుతారు. దానికి ఈనాటికీ 'వంటింటి పియానో' అనే పేరు. ఆ మాట వినగానే నాకు మన పెరటి వసారా గుర్తొచ్చింది. నాన్న హార్మోనియం విప్పి, రీడ్లన్నీ అమ్మ అన్నం వార్చే పళ్ళెంలో పేర్చుకుని, ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని మీటేవాడు చూడు, అది.

ఆ ఊళ్ళో ఆయన చేసినవి 482 పియానోలు. ఈ అంకె గుర్తుపెట్టుకో, మళ్ళీ చెబుతాను. 1848 అల్లర్ల తర్వాత అక్కడ వ్యాపారం కుంటుపడింది. ముందు కొడుకు కార్ల్ అమెరికా వెళ్ళి చూసుకున్నాడు. 1850లో తండ్రి మిగతా కుటుంబాన్ని తీసుకుని న్యూయార్క్ చేరాడు. పెద్దకొడుకు థియోడోర్ మాత్రం అక్కడి పని విడిచిపెట్టలేక ఆగిపోయాడు. తర్వాత ఆ పనిని ఇదే బ్రౌన్‌ష్వైగ్‌కు మార్చాడు.

1865 మార్చిలో, ఒకే నెలలో, థియోడోర్ తమ్ముళ్ళు ఇద్దరు పోయారు. హెన్రీకి క్షయ, అమెరికాలో చార్లెస్ అయిన కార్ల్‌కు టైఫాయిడ్. చార్లెస్ ప్రాణం పోయింది ఈ ఊళ్ళోనే. అన్నను చూడటానికి వచ్చి ఇక్కడే కన్నుమూశాడు. న్యూయార్క్‌లో తండ్రికి కుడిచెయ్యీ ఎడమచెయ్యీ రెండూ పోయినట్టయింది. థియోడోర్ ఇక్కడి వ్యాపారాన్ని గ్రోట్రియాన్ అనే ఆయనకూ ఆయన భాగస్వాములకూ అమ్మేసి అమెరికా వెళ్ళాడు. కొన్నవాళ్ళు స్టైన్‌వెగ్ పేరును వదులుకోలేదు. వందేళ్ళ తర్వాత, 1970లలో, ఆ పేరు మీద న్యూయార్క్ వాళ్ళ కంపెనీ, ఈ కంపెనీ రెండూ అమెరికా కోర్టుకెక్కితే, అక్కడ స్టైన్‌వెగ్ పేరు వాడకూడదని బ్రౌన్‌ష్వైగ్ వాళ్ళకు తీర్పు వచ్చింది. గ్రోట్రియాన్ పియానోలు ఆ తర్వాత కూడా ఇక్కడ తయారవుతూ వచ్చాయి. 2015లో ఎక్కువ వాటా ఒక చైనా కంపెనీ చేతికి వెళ్ళింది.

కొట్టు అమ్మినప్పుడు బోర్డు కూడా అమ్మినట్టేనా? రాత్రంతా ఇదే ఆలోచన.

నీ తమ్ముడు


క్వీన్స్, న్యూయార్క్
గురువారం

అన్నయ్యా,

లగ్వార్డియా విమానాశ్రయం పక్కనుంచే వచ్చాను. ఒకప్పుడు ఆ నేల మీద నార్త్ బీచ్ అనే వినోదాల తోట ఉండేది. దాన్ని పెట్టినవాళ్ళలో ఒకడు విలియం స్టైన్‌వే. మన హైన్రిఖ్ గారి కొడుకే. పియానోలు చేసేవాడికి తోట దేనికంటావు. చెబుతాను.

న్యూయార్క్ వచ్చాక తండ్రీ కొడుకులు వెంటనే కొట్టు పెట్టలేదు. వేరే వాళ్ళ పియానో కర్మాగారాల్లో కూలికి చేరి, ఇక్కడి పద్ధతులు నేర్చుకున్నారు. 1853 మార్చి 5న వేరిక్ వీధిలో ఒక ఇంటి వెనకభాగంలో స్టైన్‌వే అండ్ సన్స్ మొదలయింది. 1864లో ఇంటిపేరును కూడా చట్టప్రకారం స్టైన్‌వే అని మార్చుకున్నారు. 1859లోనే కొడుకు హెన్రీ, గ్రాండ్ పియానోలో మంద్రస్వరాల తీగల్ని మిగతావాటి మీదుగా ఏటవాలుగా పోనిచ్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పెట్టె పెంచకుండా తీగ పొడుగు పెరుగుతుంది, నాదం నిండుగా వస్తుంది. ఇప్పుడు లోకంలో దాదాపు ఏ గ్రాండ్ పియానో మూత ఎత్తి చూసినా తీగలు అలాగే ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. ముప్ఫై ఏళ్ళు నిండకముందే ఆ కుర్రవాడు చేసిన పని ఇది. ముప్ఫై నాలుగేళ్ళకే పోయాడు.

అమ్మడం తెలిసినవాడు విలియం. 1866లో పద్నాలుగో వీధిలో రెండువేలమంది పట్టే స్టైన్‌వే హాల్ కట్టించాడు. కచేరీకి వచ్చినవాళ్ళు పియానోలు పేర్చిన గదుల మీదుగానే లోపలికి వెళ్ళాలి. 1872లో అంటోన్ రూబిన్‌స్టైన్‌ను రష్యా నుంచి రప్పించి, అమెరికా అంతా తిప్పి 215 కచేరీలు చేయించాడు.

ఆయనే 1870లో ఇక్కడ ఈస్ట్ నది ఒడ్డున సుమారు 400 ఎకరాలు కొన్నాడు. రంపపు మిల్లు, ఇనుము పోతపోసే కొలిమి, కర్మాగారం, పనివాళ్ళకు ఇటుక ఇళ్ళు, చర్చి, గ్రంథాలయం, పిల్లలకు కిండర్‌గార్టెన్, గుర్రాల ట్రాము. స్టైన్‌వే గ్రామం అని పేరే పడింది. నార్త్ బీచ్ తోట కూడా ఈ జనం కోసమే, ట్రాము టికెట్ల కోసమూను.

ఇందులో నాకు నచ్చిందీ నచ్చనిదీ కలిసే ఉన్నాయి. నగరంలో పియానో పనివాళ్ళు సమ్మెలు చేస్తున్నారు. 1872లో ఎనిమిది గంటల పనిదినం కోసం న్యూయార్క్ అంతా సమ్మె లేచినప్పుడు స్టైన్‌వే కర్మాగారం దానికి నడిబొడ్డు. పోలీసులొచ్చారు, సమ్మె ఓడిపోయింది. పనివాళ్ళను ఆ గాలికి దూరంగా ఉంచాలన్నది ఊరు కట్టడంలో ఒక ఉద్దేశం. ఇల్లిచ్చిన చేత్తోనే కట్టడి కూడా చేశాడు. ఆ ఇటుక ఇళ్ళలో కొన్ని ఇంకా ఉన్నాయి. ఒకదాని ముందు నిలబడి చూశాను. గట్టి ఇళ్ళు, మంచి ఇళ్ళు. ఆ మాట కూడా రాయకపోతే అన్యాయం.

ఇప్పుడు స్టైన్‌వే వీధిలో ఒక భాగాన్ని 'లిటిల్ ఈజిప్ట్' అంటారు. అరబిక్ బోర్డులు, హుక్కా దుకాణాలు, బేకరీలు. టీ కొట్లో కూర్చుంటే ఆ పేరు ఎవరిదో పక్కబల్ల కుర్రవాడికి తెలియదు. మన్‌హాటన్‌కు నేను ఎక్కిన ఏడో నంబరు రైలు నదికింద పోయే సొరంగాన్ని తవ్వించడం మొదలుపెట్టింది కూడా విలియమే. 1892లో పేలుడు జరిగి మనుషులు పోయి, పని ఆగింది. ఆయన పోయాక ఎవరో పూర్తి చేశారు. పేరు మాత్రం స్టైన్‌వే సొరంగమే.

నీ తమ్ముడు


క్వీన్స్
శనివారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం పొడుగవుతుంది. నింపాదిగా చదువు.

మొదట కర్మాగారం. విలియం పెట్టిన చోటే ఇంకా నడుస్తోంది. లోపల అడుగుపెట్టగానే వచ్చే వాసన కొత్తదేం కాదు. చిత్రిక పట్టిన చెక్క, జిగురు. గ్రాండ్ పియానో పక్కచట్రం ఉంది చూడు, ఆ వంపు తిరిగిన గోడ, దాన్ని ముక్కలు అతికి చెయ్యరు. పలచటి మేపుల్ చెక్క పట్టీలకు జిగురు పూసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పెద్ద కచేరీ పియానోకి పద్దెనిమిది పొరలు. ఆ కట్టను అయిదారుగురు మగవాళ్ళు భుజాల మీద మోసుకొచ్చి, పియానో ఆకారంలో ఉన్న ఇనుప చట్రం చుట్టూ ఒక్కసారిగా వంచుతారు. జిగురు పట్టేలోపు అయిపోవాలి. ఒకడు లాగుతుంటే ఒకడు మర బిగిస్తాడు, ఒకడు సుత్తితో సర్దుతాడు. మాటల్లేవు, కళ్ళతోనే చెప్పుకుంటున్నారు. ఈ పద్ధతికి 1880లో పేటెంట్ తీసుకున్నది థియోడోర్, బ్రౌన్‌ష్వైగ్ వదిలి వచ్చిన ఆ పెద్దకొడుకు. వంచిన చట్రాన్ని వారాల తరబడి వెచ్చటి గదిలో ఉంచుతారు, చెక్క తన కొత్త వంపుకు అలవాటు పడేదాకా. ఒక పియానో పూర్తవడానికి దాదాపు ఏడాది. పన్నెండువేల పైచిలుకు భాగాలు. తీగలన్నీ బిగించాక ఇనుప పలక మీద పడే లాగుడు ఇరవై టన్నుల దాకా ఉంటుందట. అంత బరువు ఓర్చుకుంటూ అంత మెత్తగా పలకడం! నాన్న చూసి ఉంటే మూడు రోజులు అక్కడే కూర్చునేవాడు.

ఇక కాగితాల సంగతి. దానికోసమే ఇంత దూరం వచ్చాను.

ఇక్కడికి దగ్గర్లో లగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీ ఉంది. మామూలు ఇళ్ళ పిల్లలు, వలస వచ్చినవాళ్ళ పిల్లలు చదివే కాలేజీ. స్టైన్‌వే కుటుంబపు ఉత్తరాలు, ఫొటోలు, ఖాతాలు అక్కడి భాండాగారంలో ఉన్నాయి. పెద్ద మ్యూజియంలో అద్దాల వెనక కాకుండా ఇలాంటి చోట ఉండటం నాకు చాలా నచ్చింది. ఎందుకంటే ఆ పియానోలు చేసినవాళ్ళూ ఇలాంటి ఇళ్ళవాళ్ళే.

అక్కడున్నవాటిలో నా మనసుకు పట్టింది నంబరు పుస్తకాలు. ప్రతి పియానోకీ ఒక వరస. నంబరు, రకం, ఏ చెక్క, ఎప్పుడు తయారయింది, ఎక్కడికి వెళ్ళింది. అంతే. ఇంకు రంగు మారిపోయింది, అక్షరం మాత్రం నిలబడి ఉంది. నీకు గుర్తుపెట్టుకోమన్న అంకె ఇప్పుడు చెబుతాను. న్యూయార్క్‌లో స్టైన్‌వే పేరుతో చేసిన మొదటి పియానోకు వాళ్ళు ఒకటి అని వెయ్యలేదు. 483 అని వేశారు. జేజెన్‌లో చేసిన 482 పియానోల లెక్కను కొత్త దేశానికి మోసుకొచ్చారు. సముద్రం దాటినా, పేరు మార్చుకున్నా, భాష మారినా లెక్క తెగలేదు. ఆ 483వ దాన్ని ఒక న్యూయార్క్ కుటుంబం 500 డాలర్లకు కొంది.

ఇప్పటికీ పియానోలో నంబరు చూసి రాస్తే అది ఏ ఏడాదిదో చెబుతారు. ముత్తాత కొన్న పియానో పుట్టిన తేదీ మునిమనవరాలికి దొరుకుతుంది. కొట్టు గుమస్తా ఏ మధ్యాహ్నమో కునుకు ఆపుకుంటూ రాసిన వరస అది.

యుద్ధకాలం నాటివి ఇంకో రకం జ్ఞాపకాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పియానోలకు ఇనుము, రాగి దొరక్క ఈ కర్మాగారం సైన్యపు గ్లైడర్లకు చెక్క భాగాలు చేసింది. తర్వాత సైనికుల కోసం ఆకుపచ్చ రంగు పూసిన చిన్న నిలువు పియానోలు చేసింది. శ్రుతి చేసే పనిముట్లతో సహా రణరంగాలకు పంపారు. అదే సమయంలో హాంబర్గ్‌లో 1880 నుంచి ఉన్న వాళ్ళ రెండో కర్మాగారాన్ని, యజమానులు అమెరికన్లు కాబట్టి, శత్రువుల ఆస్తి అని జర్మనీ ప్రభుత్వం పట్టుకుంది. అక్కడ తుపాకులకు చెక్క పిడులు చేయించారు. ఒకే ఇంటి రెండు కర్మాగారాలు, ఎదురెదురు సైన్యాలకు చెక్క చిత్రిక పట్టాయి. దీనిమీద నాకు రాయడానికి మాట దొరకలేదు.

1972లో కుటుంబం కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు అమ్మేసింది. 119 ఏళ్ళ తర్వాత. అప్పటి అధ్యక్షుడు హెన్రీ స్టైన్‌వే, హైన్రిఖ్ గారి మునిమనవడు. అమ్మాక కూడా అయిదేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు, తర్వాత దిగిపోయాడు. 2008లో తొంభై మూడేళ్ళ వయసులో పోయేదాకా కర్మాగారానికి వస్తూ, అడిగినవాళ్ళ పియానోల మీద సంతకం పెడుతూ ఉన్నాడు. కంపెనీ ఆ తర్వాత చేతులు మారి, 2013లో ఒక పెట్టుబడి సంస్థకు 51 కోట్ల డాలర్ల పైచిలుకుకు వెళ్ళింది. అప్పటికి అది ఇంటివాళ్ళ చేతుల్లో లేదు.

ఆయన్ని తప్పుపట్టాలని నాకనిపించలేదు. కొట్టు నిలబెట్టడం అందరి వల్లా కాదు. కొట్టుతోపాటు కాగితాలు కూడా పోనిచ్చి ఉంటే అది తప్పయ్యేది. పోనివ్వలేదు.

నీ తమ్ముడు


వాషింగ్టన్
మంగళవారం

అన్నయ్యా,

ఇది చిన్న ఉత్తరం, రేపు ప్రయాణం.

ఇక్కడి అమెరికా చరిత్ర మ్యూజియం వాళ్ళ దగ్గర విలియం దినచర్య ఉంది. తొమ్మిది సంపుటాలు, సుమారు 2,500 పేజీలు. 1861 ఏప్రిల్ 20న, పెళ్ళికి మూడు రోజుల ముందు మొదలుపెట్టాడు. దేశంలో అంతర్యుద్ధం అప్పుడే రాజుకుంది. 1896లో పోవడానికి కొన్ని వారాల ముందు దాకా రాశాడు. మొత్తం అక్షరాలా ఎత్తి రాసి, వివరణలతో ఇంటర్నెట్‌లో అందరికీ చదవడానికి పెట్టారు. కీళ్ళవాతం, అప్పులు, కచేరీ వసూళ్ళు, సమ్మెలు, 1863లో నగరాన్ని కాల్చిన అల్లర్లు, అన్నదమ్ముల చావులు, భార్యతో విడాకులు, అన్నీ ఒకే గొంతుతో రాసుకున్నాడు. ఆయన రాసింది తనకోసం. ఇవాళ న్యూయార్క్ చరిత్ర రాసేవాళ్ళు ఆయన దగ్గరికే వస్తున్నారు.

1903లో అధ్యక్షభవనానికి ఇచ్చిన లక్షో నంబరు పియానో కూడా ఈ మ్యూజియం సొత్తే. బంగారు పూత, పదమూడు రాష్ట్రాల చిహ్నాలు. బొమ్మలో చూసినా కన్ను తిప్పుకోలేం. కానీ నాకు గుమస్తా రాసిన ఆ నంబరు పుస్తకమే పెద్దదిగా తోచింది.

ఇక నీతో అసలు మాట. మన అటక మీద నాన్న పచ్చ ట్రంకుపెట్టె ఉంది కదా. అందులో మూడు పద్దు పుస్తకాలు ఉండాలి, ఎర్రగుడ్డ అట్టవి. ఏ నాటక సమాజం వాళ్ళు ఏ హార్మోనియం తెచ్చారు, ఎన్ని రీడ్లు మార్చాడు, తిత్తి ఎక్కడ చిరిగింది, ఎంత తీసుకున్నాడు, ఎంత బాకీ ఉంచాడు, అన్నీ రాశాడు. పద్యనాటకాలు ఆడిన ఎన్నో ఊళ్ళ పేర్లు వాటిలో తప్ప ఇంకెక్కడా దొరకవు. నాన్న కొట్టు అమ్మినప్పుడు మనిద్దరం వాటి ఊసే ఎత్తలేదు.

వానలు పడకముందే పెట్టె దించు. ఎండలో పెట్టకు, వసారాలో నీడపట్టున రెండు రోజులు ఆరనివ్వు. చెదలు పట్టిన పేజీలు ఉంటే చింపకు, విడదీయకు, అలాగే ఉంచు. ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. పాత కాగితాలవాడు వస్తే వదినను కూడా చూస్తూ ఉండమను. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు.

నీ తమ్ముడు