పెరటి చెట్టు, పెనుగాలి

“పెరటి చెట్టు మందుకు రాదు” అని మనవారి సామెత. చేరువనున్న దానియందు మనకు చులకన యని దాని భావము. మా యింటి వేపచెట్టు కూలిన పిమ్మట ఆ సామెతను మేము మఱియొక విధముగా తలపోయుచున్నాము. పెరటి చెట్టు మనకు మందగునో కాదో యటుండనిండు. దానికి కావలసిన మందును మనమెన్నడైన నిచ్చితిమా? సోదరీమణులారా, మేము చేసిన తప్పు మీరు చేయకుందురుగాక యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది పాకాల. తిరుపతి, కాట్పాడి, ధర్మవరము వైపులకు రైలుమార్గములు చీలు కూడలి. స్వర్ణముఖి యీ ప్రాంతపు కొండలలోనే పుట్టి, శ్రీకాళహస్తి మీదుగా సముద్రమునకు పోవును. ఏడాదిలో పెక్కు నెలలు ఎండకు మాడు సీమయే యైనను, మాకు వానలు రెండు దఫాలుగా వచ్చును. ఆషాఢ శ్రావణములలో నైఋతి వానలు. ఆశ్వయుజ కార్తీకములలో బంగాళాఖాతమున పుట్టు వాయుగుండముల ముసురు. ఈ రెండవ దఫాయే చెట్లకు గండము. నాలుగు దినములు ఎడతెగక కురిసిన పిదప నేల మెత్తబడి వేళ్లపై పట్టు విడుచును. వేసవి సుడిగాలికి చలింపని చెట్టు కూడ అప్పటి గాలికి వేళ్లతో పెకలి పడును.

మా పెరటిలో రెండు వేపచెట్లు, ఒక బెంగుళూర మామిడి, ఒక మునగ ఉండెడివి. వేపలు రెండును మా అత్తగారు కాపురమునకు వచ్చిన యేట నాటినవి. తూర్పు వైపు చెట్టు నీడనే పసుల కొట్టము. వేసవిలో పచ్చళ్ల పనియు, పిల్లల ఉయ్యాలయు దాని క్రిందనే.

2019లో ప్రహరీ గోడ కట్టించితిమి. పునాది త్రవ్వుచుండగా చేతిలావు వేళ్లు అడ్డు వచ్చినవి. ఏమి చేయుదునని మేస్త్రి యడిగెను. “కొట్టివేయుము” అంటిమి. పిమ్మట రాలిన ఆకులను ఊడ్వలేక విసిగి, చెట్టు మొదటికి ఆనించి చుట్టును సిమెంటు తిన్నె కట్టించితిమి. పెరడు అద్దమువలె నున్నదని వచ్చినవారెల్ల మెచ్చుకొనిరి. అత్తగారు మాత్రము, “ఏమ్మా, చెట్టుకు ఊపిరాడేదానికి సందు పెట్టినారా?” అని యొక్కమాట యని యూరకుండిరి. అది ముసలివారి చాదస్తమని మేము నవ్వుకొంటిమి.

2021 నవంబరు 18, కార్తీక పున్నమి. తులసికోట వద్ద దీపము నిలువనంత వాన. కొట్టము కురియుచున్నదని సాయంకాలమే ఆవును, దూడను వసారాలోనికి తెచ్చి కట్టితిమి. తెల్లవారుజామున పెళపెళమను చప్పుడు. లాంతరు తీసికొని పోయి చూతుము గదా, వేపచెట్టు కొట్టము మీద పడి యున్నది. ప్రాణాపాయము తప్పినందులకు దైవమునకు మ్రొక్కితిమి.

ఆ వానలకే తిరుపతి వీధులు ఏరులై పారినవి. 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట ప్రాంతమున ఊళ్లు కొట్టుకొనిపోయినవి. ఆ దుఃఖముల యెదుట మా నష్టము లెక్కింపదగినది కాదు. అయినను ఆ యిడుమలు దైవికములని సరిపెట్టుకొన్నట్లు మా చెట్టును గూర్చి సరిపెట్టుకొనజాలకపోతిమి. పెకలిన మొదలులో గోడ వైపు వేళ్లు గొడ్డలి తాకిన చోటనే మొండిగా నిలిచి, నల్లగా క్రుళ్లి యుండెను. అత్తగారు వచ్చి వానిని చేతితో తడవి చూచిరి. ఏమియు ననలేదు. ఏదైన ననియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

తోటల పనిలో తలపండిన మా బంధువొకరు కొన్నాళ్లకు వచ్చి చెప్పిన సంగతులు మాకు కనువిప్పైనవి. చెట్టు వేళ్లన్నియు పాతాళమునకు దిగునని మన తలంపు. నిజమునకు నీటిని పీల్చు సన్నని వేళ్లలో ఎక్కువపాలు పై రెండడుగుల మంటిలోనే యుండి, కొమ్మల నీడను దాటి వెలుపలికి వ్యాపించును. వానికిని గాలి కావలెను. మొదట సిమెంటు కప్పినను, అడుగెత్తు మన్ను పోసినను అవి ఊపిరాడక చచ్చును. మొదటికి చేరువనుండు లావు వేళ్లు డేరాకు కట్టిన మోకులవంటివి. ఒక వైపు మోకులు తెగిన డేరా గాలికెట్లు నిలుచును? గోడ కట్టక తప్పనిచో, వేరు ఉన్నచోట పునాదిని ఆపి, దాని మీదుగా దూలము వేసి కట్టవచ్చునట. ఆ మాట రెండేండ్లు ముందు విననైతిమి.

అంతలో రెండవ వేపకు ఆపద వచ్చెను. కొమ్మల కొనలు ఎఱ్ఱబారి, ఆకులు మాడి, చూచుచుండగానే సగము చెట్టు ఎండినట్లయ్యెను. 2021, 2022లలో తెలంగాణమునను, మన రాష్ట్రమున పలుచోట్లను వేపచెట్లకు ఇట్టి తెగులు సోకినది. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. మాకు అప్పటికే భయము పట్టియుండెను. ఇదియు ఇంటి మీద పడునేమో యని కొట్టువానిని పిలిపించితిమి. అత్తగారు గడపలో కూర్చుండి, “కొట్టేదానికి గడియ చాలు. పెంచేదానికి నా వయసంతా పట్టింది. ఉగాది దాకా చూడండి” అనిరి. ఈసారి మేము నవ్వలేదు.

చెట్టును ఉంచవచ్చునో లేదో చూచుటకు గుర్తులు కలవు. మొదట నేల పగిలి ఒక వైపు లేచియున్నను, చెట్టు క్రొత్తగా ఒరిగినను, మొదట పుట్టగొడుగులు మొలచినను, పంగలో చీలిక యున్నను ఉపేక్షింపరాదు. మా చెట్టుకు అవేవియు లేవు. దాని చుట్టును గల తిన్నెను పగులగొట్టించి, వెడల్పుగా పాదు చేసి, ఎండుటాకులు పరచితిమి; మొదటికి మాత్రము ఆకులు తగులనీయలేదు. ఎండిన కొమ్మలను తీయించి తగులబెట్టితిమి.

కొమ్మ తీయుటయు నొక విద్యయే. ఒక్క వేటున నరికినచో బరువుకు మాను బెరడు చీలి యూడివచ్చును. మానుకు జానెడు దూరమున ముందు క్రిందినుండి మూడవ వంతు లోతున రంపముతో కోసి, దానికి కొంచెము ఆవల పైనుండి కోసి, కొమ్మను దింపవలెను. మిగిలిన మోటును మూడవ కోతతో తీయవలెను. కొమ్మ పుట్టుచోట ఉబ్బెత్తుగా నుండు కట్టును ముట్టరాదు. గాయమును మూయునది యదియే. గాలికి జడిసి చెట్టు తల నరికించుట పెద్ద పొరపాటు. మోడు నుండి గుంపుగా లేచు కొమ్మలకు పట్టు తక్కువ. లావెక్కిన పిదప అవే ముందు విఱిగిపడును. ఏ యేటను పచ్చని కొమ్మలలో నాలుగవ వంతుకు మించి తీయరాదు. మామిడికి కాయ కోసిన వెంటనే యీ పని చేయించినచో మరుసటి పూతకు లోటు రాదు. మునగ మాత్రము వేఱు. మునగచెట్టెక్కించుట యను పలుకుబడి ఊరక పుట్టలేదు. దాని కొమ్మ పెళుసు. కాపు ముగియగానే నడుమెత్తుకు కొట్టించినను అది చిగిర్చును. విద్యుత్తు తీగలకు తగులు కొమ్మల జోలికి ఇంటివారు పోరాదు. ఆ శాఖవారికే తెలుపవలెను.

మొక్కై వంగనిది మానై వంగునా? పడిన చెట్టు చోటికి కొంత దూరమున క్రొత్త వేప నొకటి నాటితిమి. దానికి పాత చీర పేలికతో వదులుగా ఊతకఱ్ఱ కట్టి, ఏడాది తిరుగగానే తీసివేసితిమి. గాలికి కొంత ఊగిననే గాని మొదలు బలియదు.

2022 ఏప్రిల్ 2, ఉగాది. తెల్లవారకమునుపే అత్తగారు చేట పట్టుకొని పెరటిలోనికి నడచిరి. ఎండినదనుకొన్న చెట్టు రాగి రంగు చిగుళ్లు తొడిగి యుండెను. క్రింది కొమ్మకు పిడికెడు పూత. ఆమె దానిని దులిపి తెచ్చి మా చేతికిచ్చి, “పచ్చడికి చాలు” అనిరి. ఆ చేదు ఆ యేడు మాకు తియ్యగా నుండినదని చెప్పజాలము, చేదుగానే యుండినది. కాని కన్నులార తినితిమి.

అమ్మలారా, ముసురు పట్టకమునుపే ఒక ప్రొద్దు మీ పెరటిలో తిరిగి, చెట్టు మొదటిని, పంగలను, కొమ్మలను ఒకసారి చూడుడు. మీ యింట దానిని నాటినవారుండినచో వారిని వెంట తీసికొని పొండు. వారేదైన చెప్పినచో నవ్వకుడు.